ఏనుగు కడుపులో పావురం

ఏర్పేడులో శాంతయ్య నెట్ ఎంత వేగమంటే, మనిషి ఫోనులో పాట వెతుకుదామని అనుకునేలోపే ఆ పాట వచ్చి గుమ్మం బయట చెప్పులు విప్పి నిలబడేది. ఈ మాట చెప్పింది ఇంకెవరో కాదు, శాంతయ్యే. నమ్మనివాళ్లకు ఇంకోటి చెప్పేవాడు. శ్రీహరికోటలో రాకెట్టు ఎగిరిన రోజు మిగతా ఊళ్లవాళ్లకు అది ఇంకా నేల మీదే పొగ కక్కుతూ ఉంటే, తన నెట్‌లో చూసినవాళ్లకు అప్పటికే మేఘాలు దాటిపోయిందట.

నోరు అట్లాంటిదే గానీ పనికి మాత్రం వంక పెట్టలేరు. ముప్పై ఏళ్ల కింద మేడ మీద డిష్షు పెట్టి ఇంటింటికీ టీవీ కేబులు లాగిన మనిషి. ఆయన స్తంభం ఎక్కుతుంటే పైనున్న కోతి దిగొచ్చి దారి ఇచ్చేది. కాలం మారాక పాత కేబుళ్లు చుట్టి అటక మీద పడేసి, వెంట్రుక కంటే సన్నటి గాజుదారం ఉండే ఫైబరు లాగి నెట్ ఇవ్వడం మొదలుపెట్టాడు. బస్టాండు వెనక ఒక గది ఆఫీసు. ఫోన్లు చూసుకోవడానికి కూతురు నిస్సీ. గుమ్మం పైన ఎర్ర అక్షరాలతో బోర్డు: "శాంతి నెట్. ఎవరి కిందా లేని నెట్."

అయితే నెట్ ఆ గదిలో పుట్టదు కదా. చెన్నై నుంచి రోడ్డు పక్కన భూమిలో పెద్ద కేబులు వేసుకున్న కంపెనీ దగ్గర కొనాలి. ఆ కంపెనీ ముద్ర ఏనుగు బొమ్మ కాబట్టి అందరూ దాన్ని ఏనుగు కంపెనీ అనేవాళ్లు. ఏనుగు శాంతయ్యకు నెట్ అమ్మేది. అమ్మి ఊరుకోకుండా శాంతయ్య వీధిలోనే ఇంటింటికీ తిరిగి నేరుగా తన కనెక్షన్లూ అమ్మేది. వడ్లు పోసినవాడే వచ్చి మన అంగడి ముందర బియ్యం కుప్ప పోసుకుని కూర్చున్నట్టు.

తిరుపతిలో ఏనుగు కంపెనీకి మునికుమార్ అని ఒక ఆఫీసరు. నెలకోసారి నున్నటి కాగితం ఒకటి పట్టుకుని వచ్చేవాడు.

"సంతకం పెట్టన్నా. బోర్డు మాది పెట్టుకో. నువ్వు ఇండ్ల కాడ రిపేరు సూసుకుంటే సాలు, మిగతాదంతా మేం సూసుకుంటాం."

"అంటే నన్ను కూడా మీరే సూసుకుంటారన్నమాట" అని శాంతయ్య నవ్వి టీ తాగించి పంపేవాడు. "నా పెండ్లికి నేనే తోడుపెండ్లికొడుకుగా పోవాల్నా అబ్బా?"

ఆ నవ్వు నాలుగు నెలల్లో తగ్గిపోయింది. రోడ్డు వెడల్పు పనుల్లో కేబులు మూడుసార్లు తెగింది. తెగినప్పుడల్లా శాంతయ్య నెట్ పొద్దంతా పడుకునేది. పెద్ద కాలేజీ దారిలో ఎనిమిది హాస్టళ్లు ఉన్నాయి. శాంతయ్య కనెక్షన్లలో సగం ఆ హాస్టళ్లవే. అవి పోతే ఆయనకు మిగిలేది బోర్డూ నిచ్చెనా. ఆ హాస్టళ్లవాళ్లందరికీ పెద్దదిక్కు కుప్పమ్మ. అరవై మంది పిల్లలకు వండిపెట్టి, అరవై మందినీ తిట్టి చదివించే మనిషి. ఆమె ఒక రోజు శాంతయ్యను పిలిపించి నిలబెట్టి చెప్పింది.

"సూడప్పా, బిడ్డలు పరీక్షలు గూడా నెట్లోనే రాస్తాండారు. నువ్వు మంచోడివే. మంచోడి మొగం సూస్తే పరీక్ష పాసవుతారా? ఇంగొక్కసారి ఆగిందంటే ఎనిమిది హాస్టళ్లోళ్లమూ ఏనుగు కాడికి పోతాం. మళ్లా నన్ను అనొద్దు."

శాంతయ్య రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మూడో రోజు ఒక ఉపాయం తట్టింది. ఒక దారి తెగితే ఇంకో దారిలో వచ్చేట్టు, ఏనుగుతో సంబంధం లేని వేరే కంపెనీ దగ్గర రెండో లైను కొన్నాడు. ఆ కంపెనీ ముద్ర తెల్లపావురం. ఆదివారం ఆయన పోయే చర్చిలో పాస్టరుగారి బల్ల మీద గుడ్డకు కూడా అదే పావురం కుట్టి ఉంటుంది. ఆ బొమ్మ చూడగానే శాంతయ్య మనసు కుదుటపడింది. రోడ్డు పక్కన కేబులు గుంతల మూతలు తీసి ఏ కేబులు ఎటు పోతుందో చూడటం ముప్పై ఏళ్లుగా ఆయనకు అలవాటు. ఈసారి ఒక్క మూతా తీయలేదు. పావురం మీద అనుమానమేమిటి? కుప్పమ్మ దగ్గరికి పోయి రొమ్ము విరుచుకుని, "రెండు దారులక్కా! ఒకటి తెగితే ఇంగోటి. ఇంగ నీ బిడ్డల నెట్ ఆపాలంటే ఆకాశం ఊడి పడాల" అని చెప్పి వచ్చాడు.

పన్నెండో రోజు, మంగళవారం పొద్దున పదకొండుకు, ఆకాశం ఎక్కడిది అక్కడే ఉంది. నెట్ మాత్రం ఆగింది. ఆఫీసులో రెండు లైన్ల పెట్టెల మీదా ఎర్రదీపాలు ఒకేసారి వెలిగాయి.

"నాయనా, రెండూ పోయినాయి" అంది నిస్సీ.

"రెండూ ఎట్లా పోతాయి? సరిగ్గా సూడు."

"కండ్లు రెండు ఉండాయి నాయనా నాకి. దీపాలూ రెండే ఉండాయి. రెండూ ఎర్రగా ఉండాయి."

అంతలో ఫోన్లు మొదలయ్యాయి. మొదటిది కుప్పమ్మది. "ఏమప్పా, ఆకాశం యాడ పడింది? మా హాస్టలు మీదనా?" అని అడిగి పెట్టేసింది.

శాంతయ్య బండి తీసుకుని రేణిగుంట దారి పట్టాడు. రోడ్డు పనుల జేసీబీ ఒకటి గుంత తవ్వుతూ కేబులు తెంపేసిందని దారిలోనే తెలిసింది. కేబులుతోపాటు పక్కనున్న హోటళ్ల మురుగు గొట్టం కూడా పగిలింది. ఆ కంపు అంతా ఇంతా కాదు. నూరు పెండ్లిళ్ల ఎంగిలాకులను వానలో నానబెట్టి, అందులో చచ్చిన పందికొక్కును ఊరేసి, ఆర్నెల్ల తర్వాత మూత తీసినట్టుంది. అక్కడ తిరిగే కుక్కలు కూడా ముక్కు పక్కకు తిప్పుకుని అవతలి రోడ్డు మీద నడుస్తున్నాయి. ఆ గుంతలో మోకాళ్ల లోతు నల్లనీళ్లలో నిలబడి ఒకడు తెగిన కేబులు అతుకుతున్నాడు.

కేబులు తెగిన చోట ఒక మర్యాద ఉంది. ఏ కంపెనీ మనుషులు ఆ కంపెనీ గొడుగు తెచ్చి గుంత పక్కన పాతుకుంటారు. నాలుగు కంపెనీలవి తెగితే నాలుగు గొడుగులు, నాలుగు అతికే మిషన్లు, నాలుగు టీ ఫ్లాస్కులు. పక్క కంపెనీ దారం ముట్టుకోవడమంటే పక్కవాడి కంచంలో చెయ్యి పెట్టడమే. శాంతయ్య వెతికాడు. ఒక్కటే గొడుగు. దాని మీద ఏనుగు. పావురం గొడుగు ఎక్కడా లేదు.

పావురంది వేరే చోట తెగి ఉంటుంది పాపం అనుకుని, పావురం కంపెనీ ఫిర్యాదుల నంబరుకు ఫోన్ చేశాడు.

గుంతలో ఫోన్ మోగింది.

కేబులు అతికేవాడు చెయ్యి ప్యాంటుకు తుడుచుకుని, కుడి జేబు వదిలి ఎడమ జేబులోంచి ఫోన్ తీశాడు. ఒక్కసారి గొంతు సవరించుకుని, పెండ్లిచూపుల్లో కూర్చున్న పిల్లలాగా తియ్యగా, "నమస్కారమండీ, పావురం సేవాకేంద్రం. చెప్పండి సార్" అన్నాడు.

ఆ మాట శాంతయ్యకు ఒక చెవిలో ఫోనులోంచి వినిపించింది. ఇంకో చెవిలో గుంతలోంచి వినిపించింది.

"నా లైను పోయిందప్పా."

"మా బృందం స్పాట్‌లోనే ఉందండీ. కంగారు పడొద్దు సార్."

"ఆ బృందం ఎనకాల ఎర్ర తుండుగుడ్డ ఏసుకోని ఒకడు నిలబడుండాడు. వాడెవుడో సూసి చెప్తావా?"

గుంతలోవాడు వెనక్కి తిరిగాడు. ఫోన్ చెవి దగ్గరే ఉంది. తియ్యదనం మాత్రం మొహంలోంచి జారి నీళ్లలో పడిపోయింది. వాడు జయరామ్. ఒకప్పుడు పాపానాయుడుపేటలో సొంత కేబులు నడిపినవాడు. అది ఏనుగుకు ఇచ్చేసి ఇప్పుడు దాని దగ్గరే జీతానికి ఉన్నాడు. ఇద్దరూ ఒకే స్తంభం ఎక్కినవాళ్లు.

"అన్నా... నువ్వా?"

"నేనే. నువ్వు ఏనుగువా, పావురానివా? ముందు అది తేల్చు."

"కుడి జేబు ఏనుగు, ఎడమ జేబు పావురం" అన్నాడు జయరామ్, దాచి లాభం లేదని. "పావురానికి సొంత కేబులు యాడుండాది అన్నా? ఏనుగు కేబుల్లోనే నాలుగు దారాలు దాని పేరు మీద ఉండాయి. పోయిన ఏడే పావురాన్ని ఏనుగు కొనేసింది. బొమ్మ మార్సలేదు, అంతే. ఇదో సూడు."

నల్లటి గొట్టం చివర విడదీసి చూపించాడు. రంగురంగుల దారాలు. అందులో ఒకటి పచ్చది. "ఇది ఏనుగు కాడ నువ్వు తీసుకున్నది." దాన్ని ఆనుకునే గులాబీది. "ఇది పావురం కాడ తీసుకున్నది. రెండూ నీవే. కవలపిల్లల మాదిరి ఒకే గొట్టంలో పండుకోనుండాయి."

శాంతయ్య గుంత అంచున కూర్చున్నాడు. "సరే. ఎప్పుడు అతుకుతావు?"

జయరామ్ పై జేబులోంచి ఒక చీటీ తీసి ఇచ్చాడు. ఏ దారం ముందు, ఏ దారం వెనక అతకాలో తిరుపతి ఆఫీసువాళ్లు రాసిచ్చిన చీటీ. మొదట ఏనుగు సొంత ఇండ్లవి. ఆ తర్వాత అంగళ్లు, ఆఫీసులు. అన్నిటికంటే చివర పచ్చది, గులాబీది.

"ఏనుగువి అయిపోయినాయి. నీవి సాయంత్రం ఐదుకు పైన అతకమన్నారన్నా. ముందర ముట్టుకుంటే నా ఉద్యోగం పోతాది."

అదే సమయానికి నిస్సీ ఫోన్ చేసింది. "నాయనా, కుప్పమ్మత్త హాస్టలు కాడ మునికుమార్ మనుషులు నెట్ డబ్బాలు దించతాండారు. వాళ్ల నెట్ తెగనే లేదంట, మనది ఒక్కటే తెగిందంట. అట్లా సెప్తాండారు. అత్త నిన్ను అడుగుతాండాది. ఏం సెప్పేది?"

అంతసేపూ ఆ మురుగు కంపులో నిలబడినా శాంతయ్యకు వాంతి రాలేదు. ఇప్పుడు వచ్చింది. పక్కకు వంగి, పొద్దున తిన్న రెండు దోసెలూ రోడ్డు పాలు చేశాడు.

నోరు కడుక్కుంటుండగా కారు ఆగింది. మునికుమార్ దిగాడు. తెల్లబూట్లు. ముక్కుకు సెంటు పూసిన గుడ్డ అడ్డం పెట్టుకుని, బురద లేని చోట చూసి చూసి అడుగేస్తూ వచ్చి, గుంతకు పది అడుగుల దూరంలో ఆగాడు.

"ఏందన్నా, నీ వయసుకి ఈ గుంతల కాడ ఏం పని? నువ్వు ఈడుండావంటే మనసుకి కష్టంగా ఉండాది."

"పావురం ఎవురిదప్పా?" అని అడిగాడు శాంతయ్య.

"యాపారంలో అందురూ అందురివాళ్లే అన్నా."

"వేరే కంపెనీ అని నమ్మి కొంటి కదప్పా! ముందర సెప్పకూడదా?"

"నువ్వు అడిగింటే సెప్పేవోళ్లం. అడిగినావా? పోనీ, మూత తీసి సూసినావా? ముప్పై ఏండ్ల అనుభవం ఉండాదే నీకి!" మునికుమార్ సంచిలోంచి కాగితం తీశాడు. అదే నున్నటి కాగితం. "ఈ మాటలన్నీ ఎందుకన్నా. సంతకం పెట్టు. ఈ నిమిషంలో నీ దారాలు ముందర అతికిస్తా. హాస్టళ్ల కాడ దించిన డబ్బాలు ఎనక్కి తెప్పిస్తా. పెట్టకపోతే నీ ఇష్టం. సాయంత్రానికి ఎనిమిది హాస్టళ్లూ మావి. రేపు నువ్వే వస్తావు, అప్పుడు ఈ కాయితంలో నీకి వచ్చేది ఇంత ఉండదు."

మూత తీసి చూశావా అన్న మాట ముల్లులా గుచ్చుకుంది. ఏనుగును చూస్తే రోత. పావురాన్ని చూస్తే అంతకంటే రోత. అన్నిటికంటే, బొమ్మ చూసి మురిసిపోయి కుప్పమ్మ ముందు రొమ్ము విరుచుకున్న తనను తలచుకుంటే రోత. కాగితం అందుకుని దానితో చేతులు తుడుచుకుందామనుకున్నాడు. తుడిచి చూశాడు కూడా. అది ఎంత నునుపంటే, మురికి కూడా దాన్ని ఒల్లక జారిపోయింది.

"తీసుకో అప్పా. దీనికి బురద గూడా అంటల్యా" అని తిరిగి ఇచ్చేసి, పంచె ఎగగట్టి గుంతలోకి దిగాడు.

"ఏం చేస్తాండావు?"

"నా దారాలు నేనే అతుక్కుంటా."

"అది మా గుంత! జయరామ్, ఆపు ఆయన్ని!"

జయరామ్ మిషను వైపు చూశాడు, శాంతయ్య వైపు చూశాడు, మునికుమార్ తెల్లబూట్ల వైపు చూశాడు. "సార్, పొద్దున్నించి టీ చుక్క దిగలేదు. తాగొస్తా" అని, మిషను గట్టు మీద అట్లాగే వదిలి, అవతలి గట్టు ఎక్కి పోయాడు.

మునికుమార్ గుంత చుట్టూ తిరిగాడు. ఒక కాలు ముందుకు పెట్టాడు. నల్లనీళ్లలో బుడగ ఒకటి లేచి పగిలింది. కాలు వెనక్కి తీసుకున్నాడు. ఏనుగు కంపెనీ చెన్నై నుంచి తిరుపతి దాకా భూమినంతా ఆక్రమించింది గానీ, ఆ రోజు ఆ ఆరడుగుల వెడల్పు మురుగులోకి దాని ఆఫీసరు ఒక్క అడుగు వేయలేకపోయాడు.

శాంతయ్య పచ్చదారం తుడిచి, కోసి, మిషనులో పెట్టి అతికాడు. గులాబీ దారమూ అతికాడు. ఏనుగు దారాలన్నీ చేతికి అందేంత దూరంలోనే ఉన్నాయి. ఒక్క కత్తెర చాలు. కత్తెర వైపు చెయ్యి పోయింది కూడా. వాటి చివరన ఉండేది మాత్రం ఏనుగా? ఎవరో ఒక కుప్పమ్మే. థూ అని ఉమ్మి, కత్తెర జయరామ్ పెట్టెలో పడేసి పైకి వచ్చాడు.

ఒంటిగంటన్నరకు నెట్ వచ్చింది. శాంతయ్య స్నానం చేయకుండానే నేరుగా హాస్టలుకు పోయాడు. ఆయన వస్తున్నాడని వీధి మొదట్లోనే అందరికీ తెలిసిపోయింది, గాలి వాలు అట్లాంటిది. మెట్ల మీద కుప్పమ్మ కూర్చుని ఉంది. పక్కన ఏనుగు బొమ్మ డబ్బాలు. వాటి పక్కన తెల్లచొక్కాకు సెంటు పూసుకుని అమ్మడానికి వచ్చిన మనిషి.

"ఆడే నిలబడప్పా. ఆడే!" అని చీర చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది కుప్పమ్మ. "ఇంగ రావద్దు. పిల్లోళ్లు అన్నం తింటాండారు. ఆడినించే సెప్పు."

"అక్కా, నీకు రెండు దారులని సెప్పింటి. అది అబద్ధం. ఉండేది ఒకటే. అది ఏనుగుదే."

"తెలిసి సెప్పినావా, తెలియక సెప్పినావా?"

"తెలియక. మూత తీసి సూళ్లేదు."

"నెట్ వచ్చేసిందిలే. ఇప్పుడు ఈ మాట నువ్వు సెప్పకుంటే నాకి ఎట్లా తెలుస్తాది?"

"తెలియదక్కా. మళ్లా తెగినప్పుడు తెలుస్తాది. అప్పుడు నువ్వు నా మొగాన ఉమ్ముతావు. అది ఇప్పుడే ఉమ్మిచ్చుకుందామని వచ్చినా."

కుప్పమ్మ ఉమ్మలేదు. డబ్బాల మనిషి వైపు తిరిగింది. "ఏమబ్బా, తెల్లసొక్కా. మీది తెగలేదని సెప్పినావే. పొద్దున తెగిన కేబులు ఎవురిది?"

వాడు నీళ్లు నమిలాడు. "అంటే మేడమ్, టెక్నికల్‌గా సూస్తే..."

"టెక్నికల్‌గా నీ మొగం. తెగిందా లేదా?"

"తెగింది మేడమ్. మాది ముందర వచ్చింది."

"కేబులు ఒకటే అయితే మీది ముందర ఎట్లా వచ్చింది? ఆయనది అతకకుండా నిలిపేస్తే మీది ముందరే వస్తాది. ఛీ! ఒకడు కంపు మోసుకోని నిజం సెప్పను వచ్చినాడు. ఒకడు సెంటు పూసుకోని అబద్ధం సెప్పను వచ్చినాడు. ఈ నెట్ యవ్వారం కంటే నా వంటింటి తూము నయం." డబ్బాలు తీసుకుపొమ్మని కాలితో తోసింది. మళ్లీ శాంతయ్యతో అంది: "సంబరపడొద్దు. నా హాస్టలు ఒకటీ నెలాఖరు దాకా నీకాడ ఉంటాది. మిగతావోళ్లకి నేను ఉండమని సెప్పను, పొమ్మని సెప్పను. ఏనుగుని తగలకుండా పోయే దారి ఒకటి సూపిచ్చు. నోటితో కాదు, కంటితో. లేకుంటే నేనూ పోతా. అంతా ఒకే ఏనుగైనప్పుడు మధ్యలో నువ్వెందుకు?"

శాంతయ్య బండి తిప్పుకుని ఇంటికి పోయాడు.

సాయంత్రానికి ఐదు హాస్టళ్లు ఏనుగు డబ్బాలు పెట్టుకున్నాయి. మూడు మిగిలాయి. శాంతయ్య ఏడుసార్లు స్నానం చేశాడు. నిస్సీ సీకాయ, నిమ్మకాయ, చివరకు గిన్నెలు తోమే పొడి కూడా ఇచ్చింది. ఒంటి మీది కంపు ఐదోసారికే పోయింది. మిగతాది సబ్బుతో పోయే రకం కాదు.

ఇంకో లైను కోసం ఫోన్ చేస్తే, గురువారం నెమలి కంపెనీ నుంచి చిన్నబ్బ అని ఒకాయన వచ్చాడు. మాది సొంత కేబులు, శ్రీ సిటీ మీదుగా చెన్నై దాకా వేరే దారి, ఏనుగు నీడ కూడా మా మీద పడదు అన్నాడు.

"బాగుండాది" అని శాంతయ్య లేచి గడ్డపార భుజాన వేసుకున్నాడు. "పద అప్పా, నడుద్దాం."

"యాడికన్నా?"

"చెన్నై దాకా. మూత మూతా తీసి సూస్తా. నీ కేబులు ఒంటరిగా పోతాందంటే నీకాడే కొంటా."

చిన్నబ్బ నవ్వాడు. శాంతయ్య నవ్వలేదు. ఇద్దరూ నడిచారు. నీళ్ల క్యాను పెట్టుకుని నిస్సీ స్కూటీ మీద వెనకే నిదానంగా వచ్చింది. మొదటి మూతలో నెమలి కేబులు ఒక్కటే ఉంది. రెండో మూతలోనూ అంతే. పదో మూత దాకా అంతే. శాంతయ్య నడక వయసు మరిచిపోయింది. శ్రీకాళహస్తి చేరేసరికి ఆయన చెప్పులు అరిగి కాళ్లకు పట్టీలు మాత్రమే మిగిలాయి. ఊరు దాటాక చిన్నబ్బ అడుగులు బరువెక్కాయి. ఒక చోట ఆగి చెమట తుడుచుకున్నాడు.

"అన్నా, ఈడిదాకా ఖచ్చితంగా మాదే. నేను అబద్ధం సెప్పలేదు."

"ఈడినించి?"

"ఈడినించి... కొంచెం సర్దుబాటు ఉండాది."

శాంతయ్య గడ్డపార పెట్టి మూత లేపాడు. లోపల నెమలి కేబులు చక్కగా వచ్చి, తల వంచి, తొడంత లావున్న నల్లటి గొట్టంలోకి దూరిపోయింది. గొట్టం మీద వరసగా ఏనుగు బొమ్మలు, ఒకదాని తోక ఒకటి పట్టుకుని, చెన్నై వైపు పోతున్నాయి.

ఆయన ఆ గొట్టం మీద నిండుగా ఉమ్మి, పశువుల కాలు పడకుండా మూత సరిగ్గా బిగించాడు.

"అన్నా, ఎండ పేలుతాండాది. నన్ను పాప బండి మీద బస్టాండు కాడ దింపమంటావా?" అని అడిగాడు చిన్నబ్బ.

"నడిచి పో అప్పా. దారి నీదే కదా" అని శాంతయ్య గడ్డపార భుజానికి ఎత్తుకున్నాడు. "నిస్సీ, నెలాఖరుకి ఇంగా ఎన్ని దినాలుండాయి?"

"పదైదు, నాయనా."

"అయితే ఇంగో కంపెనీకి ఫోన్ కొట్టు. వచ్చేటోడిని తెల్లబూట్లు లేకుండా రమ్మని సెప్పు."